ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 6 దాటడం లేదు, ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయాలి?

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. యూకేలో నర్సుగా రిజిస్ట్రేషన్ కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాశాను. మిగతా మూడింట్లో (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) 7 వచ్చింది, రైటింగ్‌లో మాత్రం రెండుసార్లూ 6. కావలసింది 6.5.

టైమ్ మొత్తం 60 నిమిషాలు. గ్రాఫ్ చూసి 150 మాటలు రాయడానికే నాకు అరగంట పైన పడుతోంది. రెట్టింపు విలువున్న 250 మాటల వ్యాసం ముగింపు లేకుండానే మిగిలిపోతోంది. పైగా తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటాను. నిన్న "పేషెంట్ ఈజ్ హ్యావింగ్ ఫీవర్" అని రాశాను. వార్డులో రోజూ అనే మాటే, తప్పని మా చెల్లి చెప్తేగానీ తెలియలేదు! కోచింగ్‌లో బట్టీ పట్టించిన వాక్యాలు ఏ ప్రశ్నకైనా అతికించినట్టే ఉంటున్నాయి.

నైట్ డ్యూటీల వల్ల రోజుకు గంటే దొరుకుతుంది. దిద్దేవాళ్లు లేకుండా నా తప్పులు నేనే పట్టుకోవడం ఎలా? వచ్చేసారి కంప్యూటర్‌లో రాస్తే మాటల లెక్క తెరమీదే కనిపిస్తుంది, కానీ నా టైపింగ్ నెమ్మది. ఇలా 6 నుంచి 6.5కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం మార్చుకున్నారో కాస్త చెప్పండి.