ట్రెసోర్ 30 ఏళ్ల పెట్టె: పాత ట్రాకులకా, కొత్తవాళ్లకా?

కావలి_కుర్రోడు:
బెర్లిన్‌లో టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం రికార్డులు వేసే కంపెనీ (లేబుల్) ట్రెసోర్. తన 30 ఏళ్లకు 2021లో ఒక సంకలనం పెట్టెగా తెచ్చింది. 12 వినైల్ రికార్డులు, 52 ట్రాకులు. పాతవాళ్లతో పాటు నిన్నమొన్న వచ్చినవాళ్లూ ఉన్నారు. వారం నుంచి వింటున్నా, నాకు నచ్చలేదు. వార్షికోత్సవమంటే లేబుల్‌ని నిలబెట్టిన ట్రాకులే ఉండాలి. మీరేమంటారు?

ఒంగోలు_బాక్సులు:
పాతవి కావాలంటే పాత రికార్డులున్నాయి కదన్నా. మళ్లీ ఎందుకు కొనాలి? బెర్లిన్‌లోనే ఆస్ట్‌గుట్ టోన్ అనే ఇంకో లేబుల్ 2010లో తన ఐదేళ్లకు ఏం చేసిందో చూడు. ఎమికా అనే ఆమె బెర్గైన్ క్లబ్ భవనంలోని చప్పుళ్లు రికార్డు చేస్తే, వాటితోనే ఆ లేబుల్ వాళ్లు కొత్త ట్రాకులు కట్టారు. పండగంటే అదీ.

ఆత్మకూరు_రాత్రి:
52 ట్రాకులు ఎవరు వింటారు సామీ?

ఒంగోలు_బాక్సులు:
24 వైపులకు 52 అంటే వైపుకి రెండో మూడో. బాస్ గట్టిగా దిగాలంటే రికార్డు మీద గాడుల మధ్య ఎడం కావాలి, అందుకే అన్ని రికార్డులు. ఎక్కువేం కాదు.

ఆత్మకూరు_రాత్రి:
అయినా 52 ఎక్కువే.

కావలి_కుర్రోడు:
లెక్క వదిలేయండి. 1991లో ఆ లేబుల్ తొలి రికార్డు అమెరికాలోని డెట్రాయిట్ వాళ్లది. జెఫ్ మిల్స్, మైక్ బ్యాంక్స్, రాబర్ట్ హుడ్ కలిసి ఎక్స్-101 పేరుతో చేశారు. ఆ లేబుల్ ట్రెసోర్ అనే క్లబ్‌దే. బెర్లిన్ గోడ కూలాక, ఒకప్పటి వెర్ట్‌హైమ్ దుకాణం కింద పాడుబడ్డ ఖజానా గదిలో ఆ క్లబ్ మొదలైంది. ట్రెసోర్ అంటేనే ఖజానా. ఆ గది 2005లో మూతపడింది. ఇక మిగిలింది ఆ పాటలే.

ఒంగోలు_బాక్సులు:
2007లో పాత విద్యుత్ కేంద్రంలో మళ్లీ తెరిచారుగా! చోటు మారితే క్లబ్ బతికింది. మనుషులు మారితే లేబుల్ చస్తుందా?

కావలి_కుర్రోడు:
మనుషులు మారడం నీకు తేలిక. మా నాన్న ఒక ఆర్కెస్ట్రాలో 18 ఏళ్లు కీబోర్డు వాయించారు. వాళ్ల పాతికేళ్ల ఫంక్షన్‌లో స్టేజీ నిండా కొత్త పిల్లలే. ఫ్లెక్సీలో నాన్న ఫోటో లేదు, మైకులో పేరు లేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారు. అది చూసినవాడికి తెలుస్తుంది.

ఆత్మకూరు_రాత్రి:
అయ్యో. అది తప్పు అన్నా.

ఒంగోలు_బాక్సులు:
తప్పే. కాదనను. కానీ నేను ఆ కొత్త పిల్లల్లాంటి వాణ్ణే. ఆరేళ్లు బాక్సులు మోశా, వైర్లు చుట్టా. నా ట్రాకు వినిపిస్తానంటే ప్రతి పెద్దాయనా ఒకటే మాట: ముందు మా రోజులు తెలుసుకో. పండగ రోజు కూడా పాతవాళ్లకే అంటే మా రోజు ఎప్పుడు? ఆ పెట్టెలో కొత్త పేర్లు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

కావలి_కుర్రోడు:
నేను కొత్తవాళ్లు వద్దనలేదు.

ఒంగోలు_బాక్సులు:
అన్నావు. పైన చూడు: "ట్రాకులే ఉండాలి" అన్నావు.

కావలి_కుర్రోడు:
సరే, అన్నాను. ఆ "లే" తీసేస్తా. మొదటి పేరు మాత్రం మొదలుపెట్టినవాళ్లదే, అందులో తగ్గను.

ఒంగోలు_బాక్సులు:
దానికి నేనూ ఒప్పుకోను. మీ నాన్నగారు వాయించినవి క్యాసెట్లేమైనా ఉన్నాయా? ఉంటే ఒంగోలు తీసుకురా, నా దగ్గర డెక్ పనిచేస్తోంది.