అప్‌డేట్: పాత సెడాన్ స్థానంలో ఆక్టేవియా వీఆర్‌ఎస్

పాత సెడాన్‌కు బదులు సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టేవియా 1.8 పెట్రోల్ కొనాలా, అదే కారులో ఎక్కువ పవర్ ఉండే వీఆర్‌ఎస్ మోడల్ కొనాలా అని ఇంతకుముందు అడిగాను కదా. విశాఖలో 2017 వీఆర్‌ఎస్ దొరికింది, కొన్నాను. 230 హార్స్‌పవర్ కన్నా గేర్‌బాక్సే ఒప్పించింది. 1.8 ఆటోమేటిక్‌లో పొడి క్లచ్‌లు, దీనిలో ఆయిల్‌లో మునిగి ఉండేవి, అందుకే నెమ్మదిగా పాకేటప్పుడు అంత త్వరగా వేడెక్కవు. సాలూరు ఘాట్‌లో లారీల వెనక పాకుతూ ఒడిశాలోని జయపురం చేరే మాబోటివాళ్లకు అది చిన్న తేడా కాదు.

కొనేముందు లిఫ్ట్ ఎక్కించాం. ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. ఆ మేరకు ధర తగ్గించారు. ఆంధ్ర నంబరు కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఒడిశాలో మళ్లీ రోడ్ ట్యాక్స్ తప్పవు. ఆ ఖర్చు బేరానికి ముందే లెక్కేసుకోండి.

పాత కారు ఇంకా అమ్మలేదు. వచ్చిన ధర వినగానే నాన్నగారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.