ఆయుష్షు పరిశోధనపై పోస్టరు: జనం భయపడకుండా ఎలా వేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్ల ఉగాది మేళాలో, వృద్ధాప్యాన్ని నెమ్మదింపజేసే పరిశోధనల గురించి చిన్న స్టాల్ పెడుతున్నాం. డిజైన్ తెలిసినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

ఇలాంటి ఉద్యమాల పోస్టర్లన్నీ ఒకే అచ్చు: నల్లటి నేపథ్యం, మెరిసే నీలిరంగు మెదడు, పైన "మరణాన్ని జయిద్దాం". చూసినవాళ్లకి పరిశోధన గుర్తురాదు, బాబాల ప్రకటనో, గొలుసుకట్టు స్కీమో అనిపిస్తుంది. అందుకే తెల్లటి నేపథ్యం మీద ఒకే విషయం చెప్పాలనుకుంటున్నాం: 1993లో శాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం ఒక్క జన్యువులో మార్పుతో మిల్లీమీటరు పొడవుండే పురుగు ఆయుష్షు రెట్టింపు కావడం చూపింది. ఇది పురుగుల్లోనే, మనుషుల్లో కాదు అన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాన్ని అడుగున చీమతలంత అక్షరాల్లో దాస్తే నమ్మకం పోతుంది.

సైజు ఏ1, అంటే 594 × 841 మి.మీ. బెంగళూరులో ఫ్లెక్స్ నిషేధం కాబట్టి గుడ్డ మీద ప్రింటు. శీర్షికకి రామభద్ర, లోపలి వాక్యాలకి మండలి ఫాంటు.

చిక్కల్లా ఇక్కడే. ఇంగ్లీషు లెక్కన లైన్ల మధ్య 1.2 రెట్లు ఎడం పెడితే "స్త్ర", "ష్ట్ర" ఒత్తులు కింది లైను గుడిని తాకుతున్నాయి. 1.6 పెడితే శీర్షిక విడిపోయినట్టుంది. పైగా గుడ్డ మీద సిరా పాకి, లావు అక్షరాల్లో ఖాళీలు పూడుకుపోతాయి.

మూడు మీటర్ల దూరం నుంచి చదవాలంటే తెలుగు అక్షరం ఎత్తు ఎంతుండాలి? పురుగుల ఆయుష్షుకి గ్రాఫ్ వేస్తే షేర్ మార్కెట్ అనుకుంటారు. దానికి బదులు మామూలు పురుగులు ఒక వరుస, జన్యువు మారినవి ఒక వరుస, ఇలా రెండు వరుసల పురుగు బొమ్మలు మేలా? కన్నడ శీర్షిక పైన పెడితే తెలుగుకి ఎంత చోటు వదలాలి?