మాస్టర్‌లో నున్నగా ఉన్న ఆకాశం, 8-బిట్ హెచ్.264లో మెట్లు మెట్లుగా

1920×1080, సెకనుకు 25 ఫ్రేములు. ఫుటేజ్ 10-బిట్ 4:2:2 (రంగు వివరం ఎంత ఉంచుతారో చెప్పే అంకె, 4:2:0లో ఇంకా తక్కువ) లాగ్, అంటే రంగులు తర్వాత దిద్దుకునేందుకు వీలుగా పేలవంగా తీసింది. గ్రేడింగ్ (రంగులు దిద్దడం) అయ్యాక ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే 10-బిట్ ఫార్మాట్‌లో మాస్టర్ తీశాను, అందులో సాయంత్రపు ఆకాశం చాలా బాగుంది. వీడియో ఫార్మాట్ మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో 8-బిట్ 4:2:0 హెచ్.264 చేస్తే మాత్రం చారలు. గోడ మీద నీడ పలచబడే చోట మరీ ఎక్కువ. రెండు ఫైళ్ళూ ఒకే 10-బిట్ మానిటర్‌లో చూశాను.

టూ-పాస్‌లో (వీడియోని రెండుసార్లు చదివి ఎన్‌కోడ్ చేసే పద్ధతి) బిట్‌రేట్ 16 నుంచి 40 ఎంబీపీఎస్‌కి పెంచినా తేడా లేదు. సీఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 14, ప్రీసెట్ స్లో, చీకటి భాగాలకు ఎక్కువ బిట్లు ఇచ్చే ఏక్యూ-మోడ్ 3 పెడితే నీడల్లో కాస్త నయం, ఆకాశం అలాగే ఉంది. బిట్‌రేట్ చాలకపోతే గళ్ళు కనబడాలి కదా, ఇక్కడ అంచులు గీత గీసినట్టున్నాయి. అంటే 10-బిట్‌లోని 1024 స్థాయిల్ని 8-బిట్‌లోని 256కి కుదించే దగ్గరే తేడా వస్తోందని నా అంచనా. అందుకే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని జెడ్‌స్కేల్ ఫిల్టర్‌లో ఎర్రర్ డిఫ్యూజన్ డిథర్ (మెట్ల అంచుల్ని సన్నని రేణువులతో కలిపేసే పద్ధతి) పెట్టాను. సీఆర్‌ఎఫ్ 14లో ఆకాశం బాగుపడింది! కానీ ఫైల్ సగటున 34 ఎంబీపీఎస్ అయింది. సీఆర్‌ఎఫ్ 18కి పెంచితే ఎన్‌కోడర్ ఆ సన్నని రేణువుల్ని తుడిచేస్తోంది, చారలు మళ్ళీ వస్తున్నాయి.

10-బిట్ నిలుపుకునే హెచ్.265 మెయిన్ 10లో ఈ బాధ లేదు. అయితే ఫైల్ ఆడాల్సిన ప్లేయర్ 8-బిట్ హెచ్.264 హై ప్రొఫైల్ తప్ప తీసుకోదు, సగటు 20 ఎంబీపీఎస్ దాటకూడదు.

ఆ పరిమితిలోనే డిథర్ చెరిగిపోకుండా నిలవాలంటే ఏది పనిచేస్తుంది: ఎన్‌కోడర్ రేణువుల్ని తుడిచేయకుండా ఉంచే ట్యూన్ గ్రెయిన్ సెట్టింగ్ పెట్టడమా, 8-బిట్‌కి మార్చకముందే కాస్త ముతక గ్రెయిన్ కలపడమా?