రెండు టిక్కులు పడితే రోగికి చెప్పినట్టేనా?

పర్లాకిమిడి వాసి:
గత నెల మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. మీ అభిప్రాయం కావాలి.

మా అమ్మకి పదేళ్లుగా షుగర్. రోజూ పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్ వేసుకుంటుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్షలు చేయిస్తే, సాయంత్రానికి రిపోర్టులూ కొత్త చీటీ వాట్సాప్‌లో పంపారు. మోతాదు 14కి తగ్గించినట్టు రెండో పేజీలో ఉంది, ఇంగ్లీషులో. పంపిన నెంబరు విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడిది. వాడు డ్యూటీలో ఉండి ఫైలు తెరవలేదు. అమ్మ పాత లెక్కనే వేసుకుంది.

మూడో రోజు పదకొండు గంటలకి బియ్యం చెరుగుతుంటే చేతులు వణికి చేట జారిపోయింది. బియ్యమంతా నేలపాలు. జాకెట్టు తడిసేంత చెమట. మిషన్‌లో చూస్తే షుగర్ 52కి పడిపోయింది. పంచదార నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 88కి వచ్చింది. ఆ పావుగంట నేను పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "మేం పంపించాం సార్, రెండు టిక్కులు పడ్డాయి కదా" అన్నారు. పంపితే చెప్పినట్టేనా?

రాయగడ, రిటైర్డ్ మెడికల్ రెప్:
అమ్మగారికి గండం గడిచింది, సంతోషం. కానీ తప్పు ఫోన్‌ది కాదు బాబూ. నేను మందుల కంపెనీ తరఫున 22 ఏళ్లు బ్యాగు మోసుకుని డాక్టర్ల దగ్గరికి గుణుపురం, బిస్సంకటక్, కొరాపుట్ తిరిగాను. ఒక మందుతో ఫలానా ఇబ్బంది వస్తోందని కంపెనీ కాగితం పంపితే, అది కొండల మీది డాక్టరుకి చేరేది మళ్లీ నేను ఆ రూటుకి వెళ్లినప్పుడే. ఒక్కోసారి నెల పట్టేది. ఇప్పుడు నిమిషంలో చేరుతోంది.

ఇంకో మాట. మేం నోటితో ఏం చెప్పామో అప్పట్లో రుజువు ఉండేది కాదు. 2024 మార్చిలో వచ్చిన మందుల మార్కెటింగ్ కోడ్ ప్రకారం ఏ మందునీ ఊరికే "సురక్షితం" అనేయకూడదు. మెసేజ్‌లో అలా రాస్తే దొరికిపోతారు. మీ ఆసుపత్రి ఏం పంపిందో, ఎప్పుడు పంపిందో మీకు తెలిసిందీ ఆ మెసేజ్ ఉండబట్టే కదా. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (దూరం నుంచి వైద్యం) మార్గదర్శకాలు కూడా వీడియో, ఫోన్ కాల్, రాత మూడింటినీ ఒప్పుకున్నాయి.

గుణుపురం, మందుల షాపు:
రెప్ గారూ, మెసేజ్ చేరడం వేరు, అర్థం కావడం వేరు. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే బ్యాచ్ నెంబరు, గడువు తేదీ కనిపిస్తాయి. నకిలీ సరుకు పట్టుకోవడానికి అది కావాల్సిందే. కానీ మా షాపుకి వచ్చే ముసలాయన అడిగేది అది కాదు, "తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అని. నేను స్ట్రిప్పు మీద మార్కరుతో పొద్దుటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ వేసిస్తాను.

అదే ఫోన్‌కి "షుగర్ పూర్తిగా పోతుంది" అని చూర్ణం ప్రకటన కూడా వస్తుంది. అలాంటి ప్రకటనని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా అది మాత్రం చక్కటి తెలుగులో, ఫొటోతో వస్తుంది. డాక్టరు చీటీ ఇంగ్లీషులో వస్తుంది. మనవాళ్లు ఏది నమ్ముతారు చెప్పండి?

పర్లాకిమిడి, ఆశా కార్యకర్త:
అన్నయ్యా, మా వీధిలో తెలుగువాళ్లకి ఒడియా మాట అర్థమవుతుంది, అక్షరం అందరికీ రాదు. గర్భిణులకి కిల్కారి అని ప్రభుత్వం నుంచి ఒడియాలో ఆరోగ్య సలహాల కాల్ వస్తుంది. నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72. గొంతు కాబట్టి చదువు రానివాళ్లూ వింటారు. చీటీ కూడా అలా గొంతుతో పంపొచ్చు కదా అంటాను. చిక్కెక్కడంటే, ఫోన్ మొగుడి జేబులో ఉంటుంది, ఆయన పనిలో ఉంటాడు. కాల్ వచ్చిన సంగతి కూడా ఆమెకి తెలియదు. అందుకే నేను ఇంటికెళ్లినప్పుడు "ఈ వారం ఏం చెప్పారు?" అని ముందు అడుగుతాను.

రాయగడ, రిటైర్డ్ మెడికల్ రెప్:
బాగానే ఉందమ్మా. కానీ చిన్న ఆసుపత్రిలో ప్రతి రోగికీ కాల్ చేయడానికి మనుషులెక్కడ? ఆ ఖర్చు మళ్లీ రోగి బిల్లులోకే వస్తుంది.

పర్లాకిమిడి వాసి:
ప్రతి రోగికీ అనడం లేదు సార్. రిపోర్టులు వాట్సాప్‌లోనే పంపమనండి, నాకూ అదే సుఖం. ఇన్సులిన్, రక్తం పలచబడే మందు, ఇలా మోతాదు తేడా వస్తే మనిషికి ప్రమాదమయ్యేవి కొన్నుంటాయి. అవి మారినప్పుడు మాత్రం ఆ మందు వాడే మనిషితోనే మాట్లాడాలి, విన్నది తిరిగి చెప్పించుకోవాలి. షాపాయన సూర్యుడి బొమ్మ వేసేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూస్తున్నారు కదా, నేను అడిగేదీ అదే.

తమ్ముడి నెంబరు ఇచ్చింది మేమే, ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు అమ్మ నెంబరు రాసిచ్చాను, ఆమె దగ్గరుండేది మామూలు బటన్ ఫోనే. కిందటి వారం మళ్లీ మోతాదు మారితే నర్సమ్మ నేరుగా అమ్మకే చేసింది. "పొద్దున పన్నెండు" అని అమ్మ నోటితో రెండుసార్లు చెప్పించుకున్నాకే ఫోన్ పెట్టింది. మీరు ఖర్చు అన్నారు కాబట్టి చెబుతున్నాను సార్, ఆ కాల్ ఎంతసేపో చూశాను: నిమిషం 40 సెకన్లు.