ఒక్క మెషీనే కొనాలి: ట్రాక్టరా, స్కిడ్ స్టీరా?

తోటబాట:
అందరికీ నమస్తే. ల్యాండ్‌స్కేపింగ్ పని మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఇంతవరకు మెషీన్లు అద్దెకు తెచ్చుకుని నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొందామనుకుంటున్నా, ఒక్కటే కొనగలను. చిన్న ట్రాక్టర్ తీసుకుని ముందు లోడర్ (బకెట్‌తో మట్టి ఎత్తే చేతులు) పెట్టించుకోవాలా, లేక స్కిడ్ స్టీర్ అనే పొట్టి లోడర్ బండి కొనాలా? నా పనిలో సగం కొత్త సైట్లు: మట్టి నింపడం, చదును చేయడం, రాతి పలకలు మోయడం. మిగతా సగం ఉన్న తోటలు చూసుకోవడం. రెండూ నడిపినవాళ్లు చెప్పండి.

రాతిగోడ:
స్కిడ్ స్టీర్. ఇందులో ఆలోచించడానికేం ఉంది? పదకొండేళ్లుగా నడుపుతున్నా. ఇంటి పక్క సందులో ట్రాక్టర్ వెనకా ముందూ ఆడుతూ ఉండగానే నేను నాలుగు బకెట్లు గుమ్మరించి వస్తాను. ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. బకెట్ తీసి ఫోర్కులు, ఫోర్కులు తీసి గుంతలు తవ్వే ఆగర్, అంతా రెండు నిమిషాల పని. పలకలు పేర్చిన ప్యాలెట్ (చెక్క బల్ల) టన్ను దాకా ఉంటుంది. దాన్ని చూస్తే చిన్న ట్రాక్టర్ లోడర్ దణ్ణం పెట్టేస్తుంది.

గేటుకొలత:
గేటు వెడల్పెంత?

పచ్చికనేస్తం:
ఉన్నచోటే తిరుగుతుంది, నిజమే. తిరిగినచోట లాన్ మిగలదని కూడా చెప్పండి రాతిగోడ గారూ. దాని చక్రాలు పక్కకు మళ్లవు. ఒక వైపు చక్రాలు జోరుగా, రెండో వైపువి నెమ్మదిగానో వెనక్కో తిరిగితే బండి నేలను ఒరుసుకుంటూ మళ్లుతుంది. కింద గడ్డి చాప చుట్టినట్టు లేచొస్తుంది. తోటల నిర్వహణ సగం ఉందని ఆయన చెబుతుంటే స్కిడ్ స్టీర్ ఎలా చెబుతారు? ట్రాక్టర్‌కు వెనక పీటీవో, అంటే పనిముట్లను తిప్పే షాఫ్ట్ ఉంది, నిమిషానికి 540 చుట్లు. రోటావేటర్ తగిలించండి, గడ్డి కోసే మోవర్ తగిలించండి, బాక్స్ బ్లేడుతో చదును చేయండి. పైగా రోడ్డు మీద తనంతట తనే సైటుకు వెళ్తుంది. మీదాన్ని ట్రెయిలర్ ఎక్కించాలి.

ఇక టన్ను ప్యాలెట్ సంగతి. చక్రాల స్కిడ్ స్టీర్‌కు కంపెనీ రాసిచ్చే మోత, బండి ముందుకు ఒరిగే బరువులో సగం మాత్రమే. చిన్న మోడల్ అయితే మీ ప్యాలెట్‌కు అదీ దణ్ణం పెట్టాల్సిందే.

రాతిగోడ:
గడ్డి లేస్తోందంటే నడపడం రాలేదని. ఉన్నచోటే తిప్పమని ఎవరు చెప్పారు? కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మూడు విడతల్లో మళ్లించాలి. తడి నేల మీద అసలు దిగకూడదు. మరీ భయమైతే ప్లైవుడ్ పరచండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

పాతసామాను:
కొసరు సంగతి. ఈ జాతి బండికి మూలం 1957లో అమెరికా మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు చేసిన చిన్న లోడర్. టర్కీ కోళ్ల షెడ్డులో స్తంభాల మధ్య దూరి శుభ్రం చేయడానికి చేశారు. అంటే పుట్టుకే ఇరుకు కోసం.

పచ్చికనేస్తం:
షెడ్డు కోసం పుట్టింది, లాన్ కోసం కాదు. నేను చెప్పేదీ అదే!

మద్దెల సామెత నాకు చెప్పకండి. క్రితం ఏడాది ఒక క్లయింట్ తోటకు స్కిడ్ స్టీర్ అద్దెకు తెచ్చాం. వెనక మూల ఎర్రమట్టి గుట్ట వేయాలి, అంతే పని. సాయంత్రానికి గేటు నుంచి ఆ మూల దాకా రెండు నల్లటి చారలు, గుట్ట దగ్గర గుండ్రంగా బోడిగుండు. కొత్త పచ్చిక పలకలు నా ఖర్చుతో పరిచాను. అతుకులు కలవడానికి వారాలు పట్టింది. ఆ క్లయింట్ మళ్లీ పిలవలేదు.

రాతిగోడ:
నడిపిందెవరు?

పచ్చికనేస్తం:
ఎవరు నడిపితే ఏమిటి? బండి తీరే అంత.

రాతిగోడ:
నడిపిందెవరు అని అడిగాను.

మట్టివాసన:
చక్రాల బదులు ట్రాకులు (రబ్బరు పట్టాలు) ఉన్న స్కిడ్ స్టీర్ మోడల్ కొంటే బరువు పరుచుకుంటుంది, మెత్తటి నేలలో దిగబడదు. అయినా అక్కడికక్కడే తిప్పితే అదీ గీకుతుంది.

గేటుకొలత:
గేటు కొలిచారా?

పచ్చికనేస్తం:
లాన్ పక్కన పెట్టండి, వాలు మాట్లాడదాం. స్కిడ్ స్టీర్‌కు ఇంజిన్ వెనక. బకెట్ ఖాళీగా ఉంటే వెనక్కి నడుపుతూ ఎక్కాలి, నిండితే ముందుకు. బరువున్న వైపు ఎప్పుడూ పైకి ఉండాలి. ఇది తెలియని మనిషి ఎక్కితే?

రాతిగోడ:
వాలు గురించి నాకు చెబుతున్నారా? నేను స్కిడ్ స్టీర్‌కు మారిందే ట్రాక్టర్ వల్ల. కంకర నింపిన బకెట్ పైకెత్తి వాలు దిగుతున్నా. వెనక చక్రాలు తేలిపోయాయి. బ్రేకులు ఆ చక్రాలకే కదా, తొక్కినా లాభం లేదు. బకెట్ నేలకు దించేశాను కాబట్టి బతికాను. స్టీరింగ్ మీద చేతులు ఎంతసేపు వణికాయో నాకే తెలుసు. ఆ నెలలోనే అమ్మేశా.

పచ్చికనేస్తం:
వెనక పనిముట్లు తగిలించే లింకేజీకి బరువు కట్టారా? లోడర్ వాడేటప్పుడు వెనక బరువు ఉండాలని మాన్యువల్‌లోనే ఉంటుంది. బకెట్ కిందకు ఉంచి నడపాలని కూడా.

రాతిగోడ:
అది వేరే విషయం.

పచ్చికనేస్తం:
అబ్బో! నా లాన్ పోతే నడపడం రాలేదు, మీ ట్రాక్టర్ తేలితే వేరే విషయం. బావుంది న్యాయం.

రాతిగోడ:
మీరు ఇంకా నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. పదిమందికి సలహాలిస్తారు, ఎక్కిందెవరో చెప్పరు. మీరు సీట్లో కూర్చుని ఎన్నాళ్లయింది అసలు?

పచ్చికనేస్తం:
సరే వినండి. మా దగ్గర చేరి రెండో రోజైన కుర్రాడు నడిపాడు. నేను అక్కడ లేను, వేరే సైటులో ఉన్నా. నాకు మూడు బృందాలున్నాయి, ఎవరు ఎప్పుడు మానేస్తారో తెలియదు. మీరు ఒక్కరే, మీ బండి మీరే నడుపుకుంటారు, మీ చేతికి అది అలవాటు. నాకు కొత్తవాడు ఎక్కినా కొంప మునగని బండి కావాలి. ట్రాక్టర్ అయితే మా ఊరి కుర్రాళ్లలో సగం మందికి ముందే వచ్చు.

రాతిగోడ:
ఈ ముక్క మొదట్లోనే చెబితే ఇంత దూరం వచ్చేది కాదుగా. అయినా రెండో రోజు కుర్రాణ్ణి ఏ బండి ఎక్కించినా తప్పే. వాణ్ణి లోడర్ ఉన్న ట్రాక్టర్‌తో వాలు మీదకు పంపి చూడండి.

పచ్చికనేస్తం:
చూడను. వాలు సైట్లకు నేనే వెళ్తా.

మట్టివాసన:
తోటబాట గారూ, ఉన్నారా? మీ బండి నడిపేదెవరు?

తోటబాట:
ఉన్నానండీ, చదువుతూనే ఉన్నా. నడిపేది నేను, మా బావమరిది. వాడికి ఇంకా కారే సరిగా రాదు.

రాతిగోడ:
అయితే మీరే నడపండి, స్కిడ్ స్టీర్ కొనండి.

పచ్చికనేస్తం:
అయితే ట్రాక్టరే. రేపు మీకు జ్వరం వస్తే పని ఆగిపోతుంది.

గేటుకొలత:
గేటు.

తోటబాట:
గేటుకొలత గారూ, మీరు మూడోసారి అడిగారని టేపు పట్టుకుని తిరిగొచ్చాను. చేతిలో ఐదు తోటలున్నాయి. మూడింటికి లోపలికి పోయే దారి మీటరున్నర లేదు. ఒకటైతే మీటరూ పది సెంటీమీటర్లే.

రాతిగోడ:
నాది బకెట్‌తో కలిపి 1.7 మీటర్లు. ఆ మూడింట్లోకీ రాదు.

పచ్చికనేస్తం:
బాగా చిన్న ట్రాక్టర్లు 1.2 లోపు ఉంటాయి, ఒక రెండింట్లోకి దూరొచ్చు. కానీ వాటి లోడర్ మీ పలకలు ఎత్తదు.

గేటుకొలత:
నిలబడి నడిపే మినీ లోడర్ చూడండి. మీటరు వెడల్పువి కూడా దొరుకుతాయి. దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ ఈ ఇద్దరి మధ్య ఆ సందు కూడా లేదు.