అలికాంటెలో బతకడం బర్మింగ్‌హామ్ కంటే నిజంగా చవకేనా?

ప్రశ్న: 30 ఏళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న బ్రిటిష్ పౌరులం. పదవీ విరమణ తరువాత స్పెయిన్‌లోని అలికాంటెకు మారితే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: అద్దె, కూరగాయలు తగ్గుతాయి. అయితే ఆదాయం పౌండ్లలో, ఖర్చు యూరోలలో ఉంటుంది కనుక, మారకపు రేటు పడిపోయిన నెలలో ఆ మిగులు కరిగిపోవడం నేను స్వయంగా చూశాను. బ్రిటన్ ప్రభుత్వ పింఛను అందుకునేవారు ఎస్1 అనే వైద్య హక్కు పత్రాన్ని స్పెయిన్‌లో నమోదు చేసుకుంటే వైద్యం ఖర్చును బ్రిటన్ భరిస్తుంది.

మరో జవాబు: అన్నిటికంటే ముందు ఆ ప్రభుత్వ పింఛను సంగతి చూడండి. స్పెయిన్‌లో ఉంటే అది ఏటా పెరుగుతుంది. కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో, మన భారతదేశంలోనో స్థిరపడితే పెరుగుదల ఆగిపోతుంది. హైదరాబాదులో ఈనాడు చవకగా కనిపించే బతుకు, అదే పింఛనుతో పదిహేనేళ్ల తరువాత ఎంత బరువవుతుందో దయచేసి లెక్క వేసుకోండి.

ఇంకొకరు: బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడింది కనుక, 2021 నుంచి బ్రిటిష్ పౌరులు స్పెయిన్‌లో 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండాలంటే వీసా తప్పనిసరి.